నీళ్లతో బండి నడుస్తుందా? రెండు వందల ఏళ్ల హైడ్రోజన్ కథ

ఈపాటికి ఆ వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఒకాయన బైక్‌కి ఒక ప్లాస్టిక్ డబ్బా కట్టి, అందులో బాటిల్‌తో నీళ్లు పోసి, కిక్ కొడతాడు. బండి స్టార్ట్ అవుతుంది. కింద ఎర్ర అక్షరాల్లో "పెట్రోల్ కంపెనీలు దాచిన నిజం" అని ఉంటుంది. మన మావయ్యో బాబాయో దాన్ని ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసి, "చూశారా మనవాళ్ల తెలివి" అంటారు.

ఈ ఎపిసోడ్ ఆ వీడియోని ఎగతాళి చేయడానికి కాదు. ఎందుకంటే అందులో సగం నిజమే. నీళ్లలో హైడ్రోజన్ ఉంది, హైడ్రోజన్ మండుతుంది, కరెంటు పెడితే నీళ్లు విడిపోతాయి. స్కూల్లో మనమే చేశాం కదా, ప్లాస్టిక్ మగ్గు, రెండు కార్బన్ కడ్డీలు, 9 వోల్టుల బ్యాటరీ, బోర్లించిన రెండు టెస్ట్ ట్యూబులు. ఒకదాంట్లో గ్యాస్ రెండింతలు వస్తుంది. అది హైడ్రోజన్. రెండోది ఆక్సిజన్. (ఇంట్లో ట్రై చేసేవాళ్లకి ఒక మాట. కరెంటు బాగా పారాలని కొందరు నీళ్లలో ఉప్పు వేస్తారు. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, అది విషవాయువు. తలుపులు మూసిన గదిలో అస్సలు వద్దు.)

మరి మిగతా సగం అబద్ధం ఎక్కడుంది? ఒక్క ముక్కలో చెప్తాను. కట్టె కాలితే బూడిద మిగులుతుంది. హైడ్రోజన్ కాలితే మిగిలేదే నీళ్లు. అంటే నీళ్లు బూడిద లాంటివి, కట్టె లాంటివి కావు. ఆ బూడిదని మళ్లీ కట్టెగా మార్చాలంటే, అది కాలినప్పుడు ఇచ్చిన శక్తి అంతా తిరిగి పెట్టాలి. నిజానికి కొంచెం ఎక్కువే పెట్టాలి. బండి బ్యాటరీతో నీళ్లు విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఇంజిన్ తిప్పి, ఆ ఇంజిన్‌తోనే మళ్లీ బ్యాటరీ చార్జ్ చేస్తానంటే, ఫ్యాన్ గాలికి గాలిమర తిప్పి, ఆ గాలిమర కరెంటుతో అదే ఫ్యాన్ తిప్పుతానన్నట్టే. ఒక కిలో హైడ్రోజన్ కాలిస్తే సుమారు 33 యూనిట్ల శక్తి వస్తుంది. ఆ కిలో తయారు చేయడానికి ఇవాళ్టి మంచి మెషీన్ కూడా 50 యూనిట్లకు పైగానే తాగుతుంది. 50 యూనిట్లంటే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ రోజూ ఐదు గంటలు వేస్తే దాదాపు వారానికి అయ్యే కరెంటు. నీళ్లు మాత్రం తొమ్మిది లీటర్లు చాలు.

అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీళ్లతో నడిచే కారు అని ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తీసుకున్నాడు. 1996లో ఒహాయో కోర్టు అది పచ్చి మోసం అని తేల్చి, డబ్బు వెనక్కి ఇమ్మంది. ఆయన్ని పక్కన పెడదాం. నాకు ఆసక్తి ఉన్నది నిజంగా నీళ్లు విడగొట్టినవాళ్ల మీద. వాళ్లు ఎవరు, ఎక్కడ చేశారు, ఎందుకు ఆపేశారు? ఈ కథలో నీళ్ల పాత్ర చాలా చిన్నది. ప్రతి చోటా అసలు గొడవ కరెంటు ఎవరికి పోతుందన్నదే.

మొదట 1783కి వెళ్దాం. అప్పటికి హైడ్రోజన్ గురించి తెలుసు. ఇంగ్లండ్‌లో హెన్రీ కేవెండిష్ 1766లోనే దాని గుణాలు రాసి పెట్టాడు, "మండే గాలి" అని పిలిచాడు. పారిస్‌లో జాక్ షార్ల్ అనే ఆయన ఇనుము మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి ఆ గ్యాస్ పట్టి, బెలూన్ నింపి, ఆగస్టు 27న ఎగరేశాడు. మనుషులు ఎక్కలేదు, ఖాళీ బెలూన్. అది పోయి పోయి గొనెస్ అనే పల్లెలో పడింది. ఆకాశం నుంచి ఊగుతూ బుసలు కొడుతూ దిగిన ఆ వస్తువుని చూసి ఊరివాళ్లు భూతం అనుకుని, పంగల కర్రలతో పొడిచి చీల్చేశారు. హైడ్రోజన్‌కి జనం ఇచ్చిన మొదటి స్వాగతం అదీ. అదే ఏడాది లావోయిజియే, నీరు మూలకం కాదు, రెండు వాయువుల కలయిక అని ప్రకటించాడు. వేల ఏళ్లుగా పంచభూతాల్లో ఒకటి అనుకున్నది ఒక్కసారిగా సంయోగ పదార్థమైపోయింది. హైడ్రోజన్ అనే పేరు కూడా ఆ ఫ్రెంచి బృందం పెట్టిందే, నీటిని పుట్టించేది అని అర్థం.

ఇక 1800. ఇటలీలో వోల్టా బ్యాటరీ కనిపెట్టి, మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం సభలో చదవకముందే బ్యాంక్స్ దాన్ని కొందరు మిత్రులకి చూపించాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే లీకైంది. అలా తెలుసుకున్న ఆంథనీ కార్లైల్ ఒక సర్జన్. ఆయన స్నేహితుడు విలియం నికల్సన్ సొంతంగా సైన్స్ పత్రిక నడిపేవాడు. ఇద్దరూ కలిసి వెండి నాణేలు, జింకు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి బ్యాటరీ చేశారు. తీగ సరిగ్గా ఆనడానికని పైన ఒక నీటిబొట్టు వేశారు. ఆ బొట్టులో బుడగలు! ఇదేంటని ఏకంగా ఒక గొట్టం నిండా నీళ్లు తీసుకుని, రెండు తీగలు ముంచారు. మే 2న నీళ్లు విడిపోయాయి. ఒక తీగ దగ్గర హైడ్రోజన్, రెండో తీగ దగ్గర ఆక్సిజన్. అంతకు పదకొండేళ్ల ముందే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు డచ్చివాళ్లు రాపిడి యంత్రం పుట్టించే మెరుపులతో నీటిని విడగొట్టారు కానీ, కరెంటు ధారగా పారించి చేసింది మాత్రం వీళ్లే. వోల్టా ఉత్తరం రాయల్ సొసైటీలో చదివింది జూన్ నెలాఖరులో. అంటే బ్యాటరీ సంగతి ప్రపంచానికి అధికారికంగా తెలిసేలోపే దానితో నీటిని పగలగొట్టేశారు.

ఆ తర్వాత విలియం గ్రోవ్ అనే వెల్ష్ లాయర్ దీన్ని తిరగేశాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీశాడు. ఇవాళ మనం ఫ్యూయల్ సెల్ అనేదానికి మూలం అదే. ఆయన తర్వాత జడ్జి అయ్యాడు. సైన్స్‌లో ఇలాంటి సైడ్ ఇన్‌కమ్ మనుషులు చాలామంది ఉన్నారు.

అయితే ల్యాబ్‌లో బుడగలు వేరు, ఊరికి వెలుగు వేరు. దాన్ని మొదట సీరియస్‌గా తీసుకున్నవాడు డెన్మార్క్‌లో ఒక టీచర్, పౌల్ లా కూర్. అస్కోవ్ అనే పల్లెలో స్కూలు. 1891లో అక్కడ గాలిమర కట్టి, దానికి డైనమో తగిలించాడు. గాలి ఎప్పుడు వీస్తుందో మన చేతిలో ఉండదు, దీపం మాత్రం రాత్రే కావాలి. మరి గాలి వీచినప్పటి కరెంటుని ఎక్కడ దాచాలి? నీటిని విడగొట్టి గ్యాస్‌గా దాచాడు. రాత్రిపూట ఆ హైడ్రోజన్‌తో దీపాలు. 1895 నుంచి 1902 దాకా ఆ స్కూల్లో దీపాలు అలాగే వెలిగాయి. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసినప్పుడు చిన్న చిన్న పేలుళ్లు జరిగి కిటికీ అద్దాలు చాలాసార్లు మార్చాల్సి వచ్చిందట. అయినా స్కూలు మానలేదు. ఇప్పుడు మన పేపర్లలో గ్రీన్ హైడ్రోజన్ అని వస్తున్న మాటకి అర్థం ఇదే, గాలి లేదా ఎండ కరెంటుతో నీటిని విడగొట్టడం. ఆ మాట పుట్టడానికి వందేళ్ల ముందే ఆ పల్లెటూరి బడిపిల్లలు ఆ వెలుగులో చదువుకున్నారు.

ఇప్పుడు నార్వే వెళ్దాం. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు, భయం కలిగించే చోటు కూడా ఇదే.

రుకాన్ అని ఒక లోయ. ఎంత లోతంటే చలికాలం దాదాపు ఆరు నెలలు ఊళ్లోకి ఎండే పడదు. 2013లో కొండ మీద పెద్ద పెద్ద అద్దాలు పెట్టి, ఊరి మధ్యలోకి సూర్యుణ్ణి తిప్పుకున్నారు. ఎండ లేకపోయినా ఆ ఊరికి పెద్ద జలపాతం ఉంది. నార్స్క్ హైడ్రో కంపెనీ దాని మీద వేమోర్క్ అనే పవర్ హౌస్ కట్టింది. 1911లో మొదలైనప్పుడు ప్రపంచంలోనే పెద్ద జలవిద్యుత్ కేంద్రాల్లో అదొకటి. అంత కరెంటు ఎవరికి? కొండల మధ్య ఉన్న ఊరు, అప్పట్లో అంత కరెంటుని దూరం పంపడం ఖర్చు. అందుకని ఎరువులు చేశారు. 1920ల చివర్లో పద్ధతి మార్చి, ఆ కరెంటుతో నీళ్లు విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ని గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయడం మొదలుపెట్టారు. హైడ్రోజన్ ఇక్కడ ఫ్యూయల్ కాదు, పొలానికి తిండి. ఇది గుర్తుంచుకోండి. ఇప్పటికీ ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధిక భాగం బండ్లకి పోదు, ఎరువులకీ ఆయిల్ రిఫైనరీలకీ పోతుంది.

అక్కడ ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ బరువైన హైడ్రోజన్‌ని, అంటే డ్యుటీరియాన్ని కనిపెట్టాడు. మామూలు నీళ్లలో సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒక్కటి ఇలాంటిది. కరెంటు పెట్టినప్పుడు తేలిక హైడ్రోజన్ ముందు పారిపోతుంది, బరువుది వెనకబడుతుంది. అంటే రోజూ టన్నుల కొద్దీ నీళ్లు విడగొట్టే ఫ్యాక్టరీలో, తొట్టి అడుగున మిగిలిన నీళ్లు క్రమంగా బరువెక్కుతాయి. పాలు మరిగిస్తే అడుగున కోవా మిగిలినట్టు. అదే భారజలం. 1934 నుంచి వేమోర్క్ దాన్ని గ్రాముల లెక్కన ల్యాబ్‌లకి అమ్మింది. కొన్నేళ్ల పాటు అదొక శాస్త్రీయ వింత, అంతే.

యుద్ధం వచ్చింది. 1940లో జర్మనీ నార్వేని ఆక్రమించింది. అణు రియాక్టర్‌కి భారజలం పనికొస్తుందని జర్మన్ శాస్త్రవేత్తలకి తెలుసు. ఎరువుల ఫ్యాక్టరీ ఒక్కసారిగా ప్రపంచంలోనే ప్రమాదకరమైన చోటు అయిపోయింది. 1942 నవంబర్‌లో బ్రిటన్ గ్లైడర్లలో సైనికుల్ని పంపితే గ్లైడర్లు కూలిపోయాయి. బతికి పట్టుబడ్డవాళ్లని జర్మన్లు చంపేశారు. 1943 ఫిబ్రవరిలో నార్వే కుర్రాళ్లే మంచులో స్కీల మీద వెళ్లారు. లీడర్ యోకిమ్ రోన్నెబెర్గ్ వయసు 23. మీలో చాలామంది వయసే. వంతెన మీద కాపలా ఉంది కాబట్టి, గడ్డకట్టిన లోయలోకి దిగి, అవతలి గోడ లాంటి కొండ ఎక్కి, ఫ్యాక్టరీలో దూరి, భారజలం తయారయ్యే గదిలో బాంబులు పెట్టి బయటపడ్డారు. ఒక్క తూటా పేలలేదు. సుమారు 500 కిలోల భారజలం మురుగు కాలవలో కలిసింది.

కొన్ని నెలల్లో జర్మన్లు రిపేర్ చేసుకున్నారు. నవంబర్‌లో అమెరికా విమానాలు బాంబులు వేస్తే ఇరవైమందికి పైగా మామూలు జనం చనిపోయారు. చివరికి మిగిలిన సరుకుని జర్మనీ తరలించాలని రైలు పెట్టెలతో సహా ఒక ఫెర్రీలో ఎక్కించారు. 1944 ఫిబ్రవరి 20, ఆదివారం. నార్వే ప్రతిఘటన దళం ఆ ఫెర్రీని టిన్ సరస్సు మధ్యలో ముంచేసింది. 18 మంది పోయారు, అందులో 14 మంది నార్వేవాళ్లే. ఫెర్రీలో మామూలు జనం ఉంటారని బాంబు పెట్టినవాళ్లకి ముందే తెలుసు. సినిమాల్లో ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు. జర్మనీ నిజానికి బాంబుకి చాలా దూరంలో ఉందని యుద్ధం అయ్యాక తేలింది. కానీ ఆ ఆదివారం పొద్దున ఆ సంగతి ఎవరికీ తెలీదు.

యుద్ధం తర్వాత మన దేశం ఈ రుకాన్ లెక్కనే పంజాబ్‌లో వేసింది. సట్లెజ్ మీద భాక్రా, నంగల్ డ్యాములు. కరెంటు బాగా వస్తుంది, వాడేవాళ్లు ఇంకా తక్కువ. దేశానికేమో తిండి కొరత. దాంతో నంగల్‌లో ఎరువుల ఫ్యాక్టరీ పెట్టారు, హైడ్రోజన్ మొత్తం నీళ్లని విడగొట్టి తీసేలా. 1961లో ఉత్పత్తి మొదలైంది. 1962లో దాని పక్కనే మన దేశంలో మొదటి భారజల కర్మాగారం వచ్చింది, వేమోర్క్‌లో లాగే విడగొట్టిన నీళ్ల తాలూకు సరుకుతో. అంటే ఇవాళ ఏదో కొత్త టెక్నాలజీలా చెప్తున్న పనిని మన దేశం అరవై ఏళ్ల కిందటే, ప్రపంచంలోని పెద్ద ప్లాంట్లకి దీటుగా చేసింది. అదీ జలవిద్యుత్‌తో. స్కూల్లో భాక్రా గురించి చదివాం, ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. (తెలంగాణలో మణుగూరు భారజల కర్మాగారం మీకు తెలిసే ఉంటుంది. 1991 నాటిది. అది కరెంటుతో విడగొట్టే పద్ధతి కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో నడిచే వేరే పద్ధతి.)

మరి నంగల్ ఏమైంది? టెక్నాలజీ ఫెయిల్ కాలేదు. హరిత విప్లవం వచ్చింది. పంజాబ్, హర్యానా రైతులు బోర్లు వేశారు, మోటార్లు బిగించారు, ఊళ్లకి లైన్లు వెళ్లాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి. మిగులు అనుకున్న కరెంటుకి వందమంది గిరాకీదారులు తయారయ్యారు. వానలు తగ్గి డ్యాములో నీళ్లు తగ్గిన ఏడాది ఎరువుల ఫ్యాక్టరీకి పవర్ కట్. ఎరువు కావాల్సిందీ ఆ రైతుకే, మోటార్‌కి కరెంటు కావాల్సిందీ ఆ రైతుకే. 1978కల్లా నంగల్ విస్తరణ ఫర్నేస్ ఆయిల్ మీద వచ్చింది. తర్వాత సహజవాయువు. ప్రపంచమంతా అదే దారి. సహజవాయువు నుంచి ఆవిరితో హైడ్రోజన్ తీయడం చాలా చౌక, కాకపోతే కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. వేమోర్క్ 1971లో మూతపడి ఇప్పుడు మ్యూజియం. ఆఫ్రికాలో జింబాబ్వేలోని క్వెక్వె ఎరువుల ప్లాంట్ కరీబా డ్యాము రోజుల నుంచి నీళ్లు విడగొడుతూనే ఉంది, 2015లో కరెంటు చాలక అదీ ఆపేసింది. ఎక్కడ చూసినా అదే కారణం.

మధ్యలో హిండెన్‌బర్గ్ గురించి అడుగుతారని తెలుసు. 1937 మే 6, హైడ్రోజన్ నింపిన జర్మన్ ఎయిర్‌షిప్ అమెరికాలో దిగుతూ అంటుకుంది, 36 మంది పోయారు. ఆ ఫొటో హైడ్రోజన్‌కి చెడ్డపేరు తెచ్చిన మాట నిజం. కానీ ఫ్యాక్టరీలు మూతపడటానికి ఆ భయం కారణం కాదు, రేటు కారణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దానికంటే ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. జె.బి.ఎస్. హాల్డేన్, బ్రిటిష్ జీవశాస్త్రవేత్త. 1923లో కేంబ్రిడ్జ్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బొగ్గు, చమురు అయిపోయాక ఇంగ్లండ్ ఏం చేస్తుంది? దేశమంతా లోహపు గాలిమరలు వరసగా నిలబడతాయి, గాలి ఎక్కువ వీచినప్పుడు మిగిలిన కరెంటుతో నీటిని విడగొడతారు, ఆ వాయువుల్ని ద్రవంగా మార్చి భూమిలో పెద్ద ట్యాంకుల్లో దాస్తారు, గాలి లేనప్పుడు వాడుకుంటారు అన్నాడు. దానికి నాలుగు వందల ఏళ్లు పడుతుందనుకున్నాడు.

ఈ హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఆయన శిష్యుడు, జీవితచరిత్ర రాసిన ద్రోణంరాజు కృష్ణారావు తెలుగువారే. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఇవ్వమని వీలునామా రాశాడు. ఎక్కడికి ఇచ్చారో తెలుసా? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

అదే కాకినాడలో, ఒకప్పుడు సహజవాయువుతో యూరియా చేసిన పాత నాగార్జున ఫెర్టిలైజర్స్ ప్లాంట్ స్థలంలో, ఇప్పుడు హైదరాబాద్‌కి చెందిన ఏఎం గ్రీన్ కంపెనీ గ్రీన్ అమ్మోనియా ప్లాంట్ కడుతోంది. లక్ష్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. ఎండ, గాలి కరెంటుతో నీళ్లు విడగొట్టి చేస్తారు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో మిషన్ ప్రకటించింది, 2030కి ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ అని.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. అమ్మోనియా బరువులో హైడ్రోజన్ 17లో 3 వంతులు. 10 లక్షల టన్నుల అమ్మోనియాకి సుమారు 1.76 లక్షల టన్నుల హైడ్రోజన్ కావాలి. కిలోకి 50 యూనిట్లు అనుకున్నా 880 కోట్ల యూనిట్లు. ఏడాదిలో 8,760 గంటలు. భాగిస్తే 1,000 మెగావాట్లు, పగలూ రాత్రీ ఆగకుండా. ఎండ రోజంతా ఉండదు కాబట్టి సోలార్ ప్యానెళ్లు దానికి ఎన్నో రెట్లు పెట్టాలి, పైగా రాత్రికి దాచుకోవాలి. కర్నూలు వైపు పిన్నాపురంలో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందకి వదిలే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్ట్ గురించి వినే ఉంటారు, అలాంటివి ఇందుకే. ఇక దేశం మొత్తం 50 లక్షల టన్నుల లెక్క వేస్తే 25,000 కోట్ల యూనిట్లు. ఇవాళ దేశం ఏడాదికి ఉత్పత్తి చేసే మొత్తం కరెంటులో దాదాపు ఏడో వంతు.

కాకినాడ అమ్మోనియాలో పెద్ద భాగం యూరప్‌కి ఎగుమతి చేయాలని ప్లాన్. ఉద్యోగాలు వస్తాయి, డాలర్లు వస్తాయి, నేను వద్దనను. కానీ రాయలసీమ భూముల్లో ప్యానెళ్లు, మన లైన్లు, మన రిజర్వాయర్లు వాడి తయారైన ఆ సరుకు ఓడెక్కుతుంటే, వేసవిలో మన రైతు మోటార్‌కి కరెంటు ఎన్ని గంటలు వస్తుంది అన్న ప్రశ్న అడగాల్సిందే. నంగల్‌లో అది ఎవరూ ముందు అడగలేదు, పదిహేనేళ్ల తర్వాత కరువు వచ్చి అడిగింది. ఇప్పుడు ప్యానెళ్ల రేట్లు బాగా పడిపోయాయి కాబట్టి లెక్క మారొచ్చు. ఈ ప్లాంట్లు గ్రిడ్ మీద పడకుండా తమ కరెంటు తామే పూర్తిగా తెచ్చుకుంటాయా, రాత్రి పూట ఎక్కడి నుంచి తీసుకుంటాయి అన్నది చూడాలి. మీ జిల్లాలో ఇలాంటి ప్రాజెక్ట్ పబ్లిక్ హియరింగ్ జరిగితే వెళ్లి అడగండి, అడగొచ్చు, అది మీ హక్కు.

ఆ బైక్ వీడియో మళ్లీ వస్తే మాత్రం మావయ్యని ఒక్కటే అడగండి, ఆ డబ్బాకి కరెంటు ఎక్కడినుంచి వస్తోందని.

వచ్చే ఎపిసోడ్‌లో అమ్మోనియా కథ పూర్తిగా చెప్పుకుందాం. ఫ్రిట్జ్ హాబర్ గురించి, ఒకే చేత్తో ఎరువూ, విషవాయువూ చేసినాయన గురించి. ఉంటాను.